కాల్ వస్తే కుర్చీ వదలండి

బెజవాడలో ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకి ఒక మాట. ఆఫీసుకెళ్లే రోజుల్లో బస్టాపు దాకా, క్యాంటీన్ దాకా తెలియకుండానే నడిచేవాళ్లం. ఇంట్లో మంచానికీ కుర్చీకీ మధ్య నాలుగడుగులే. అందుకే కెమెరా అక్కర్లేని కాల్ ఏదొచ్చినా ఇయర్‌ఫోన్ పెట్టుకుని లేచి, నడుస్తూ మాట్లాడండి. వేసవిలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం డాబా ఎక్కొద్దు. హాల్లో అటూ ఇటూ తిరిగినా చాలు. నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగిసి వదులుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి నెడతాయి. గంటలకొద్దీ కూర్చుంటే ఆ పని మందగించి పాదాలు బరువెక్కుతాయి. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకి దాదాపు 22 నిమిషాలు. చురుగ్గా నడిస్తే రెండు మూడు కాల్స్‌లోనే అయిపోతుంది!

టెన్షన్ పెట్టిన కాల్ తర్వాత మాత్రం వెంటనే మెయిల్ తెరవకండి. పీల్చినదానికంటే ఎక్కువసేపు, నెమ్మదిగా ఊపిరి వదలండి, ఓ పదిసార్లు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఇక సాయంత్రం లాగౌట్ అవగానే చెప్పులేసుకుని బీఆర్టీఎస్ రోడ్డుకో, కృష్ణ ఒడ్డుకో వెళ్లండి, ఆఫీసు గ్రూపుని మ్యూట్‌లో పెట్టి మరీ.