వ్యాపారం చేసిన పెద్దాయన మీద చిన్న పుస్తకం వెయ్యాలంటే

ఇంట్లో పెద్దాయన పోయాక సంవత్సరీకానికి ఒక పుస్తకం వేద్దాం అని చాలామంది అనుకుంటారు, తీరా చూస్తే అందులో ఏముంటాది, అట్ట మీద దండేసిన ఫోటో, లోపల అజాతశత్రువు, స్నేహశీలి, దానకర్ణుడు అని నాలుగు పేజీలు, చివర్లో ఎమ్మెల్యే గారి సందేశం. పేరు తీసేసి ఇంకోరి పేరు పెట్టినా తేడా తెలీదు. మనిషి కనపడాలంటే ముందు షాపు పుస్తకాల దగ్గర కూర్చోవాలి, తర్వాత ఆయన దగ్గర పనిచేసినోళ్ళ దగ్గర కూర్చోవాలి, చుట్టాలు ఆ తర్వాతే. మా పెదనాన్నది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం వ్యాపారం, ఆయనకి మేం ఇట్టానే చేశాం.

అటక మీద ఎర్రగుడ్డ అట్టల పొడుగు పుస్తకాలుంటే పాత పేపర్లోడికి వెయ్యబాకండి. చిట్టా అంటే ఏ రోజు లావాదేవీ ఆ రోజు రాసేది, ఆవర్జా అంటే మనిషి పేరున ఖాతా తీసి రాసేది, మన బోటి వాళ్ళకి ఆవర్జా చదవడం తేలిక కాబట్టి దాంతో మొదలెట్టండి. పుట్టి లెక్కలు చూసి కంగారు పడొద్దు, నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, ఇప్పటికీ మన రైతులు ధాన్యం రేటు పుట్టికే చెప్తారు. అన్నిటికన్నా ముందు ధర్మం అని వేరే ఖాతా ఉందేమో చూడండి, చలివేంద్రానికి కుండలు, గుడికి నూనె, ఎవరింట్లోనో పెళ్ళికి బియ్యం బస్తా, ఇట్టాంటివన్నీ అందులో పడతాయి. మా పెదనాన్న పుస్తకంలో ఒకచోట "కాటా కుర్రాడి చెల్లెలు, నర్సు ట్రైనింగు ఫీజు" అని ఆ కుర్రాడి ఖాతాలో అప్పు కింద రాసి, మళ్ళీ అడ్డంగా కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో "జీతంలో పట్టవద్దు, ధర్మంలో వెయ్యి" అని ఉండాది. ఆ పేజీలో పేరు కనపడకుండా ఫోటో తీసి అట్టానే వేసేశాం, కింద ఒక్క ముక్క కూడా రాయలేదు.

తారీఖులతో మాత్రం తలనొప్పే. పెద్దోళ్ళు "గాలివాన వచ్చిన ఏడు షాపు మార్చాడు" అంటారు, ఏ గాలివానో అడిగి రాసుకోండి, 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పటిదా, 1984 నవంబరులో శ్రీహరికోట వైపు తీరం దాటినదా. పుస్తకం మొదటి పేజీలో తెలుగు సంవత్సరం పేరుంటే ఇంకా మేలు, 1977 ఉగాది నించి పింగళ, 1984 ఉగాది నించి రక్తాక్షి, అరవై ఏళ్ళకి అదే పేరు మళ్ళీ వస్తాది కాబట్టి ఆ పుస్తకం ఆయనదా వాళ్ళ నాన్నదా చూసుకోండి. కందుకూరు, కనిగిరి వైపు వాళ్ళకి ఇంకో తిరకాసు ఉండాది. అవి ముందు నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరులో కలిసింది, అందుకని దస్తావేజులో జిల్లా పేరు మారింది కదా అని ఆయన ఊరు మారాడని రాసెయ్యబాకండి. బడికో సత్రానికో చందా ఇచ్చుంటే అక్కడ శిలాఫలకం ఉంటాది, పోయి ఫోటో తీసుకోండి, తారీఖు రాయి మీదే దొరుకుతాది.

ఇంక మనుషులు. గుమస్తా, హమాలీలు, లారీ డ్రైవరు, ఎదురుషాపాయన, వీళ్ళ దగ్గరికి ఒక్కరే పోండి, నలుగురు పోతే వాళ్ళు సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. "ఆయన ఎట్టాంటోడు" అని అడిగితే "దేవుడు బాబూ" అంటారు, అక్కడితో కథ అయిపోయె. షాపు ఎన్నింటికి తీసేవాడు, జీతాలు ఏ రోజు ఇచ్చేవాడు, ఎవర్ని ఎక్కువ తిట్టేవాడు, నష్టం వచ్చిన ఏడు ఏం చేశాడు, ఇట్టా అడగండి. మా గుమస్తా తాత ఏమన్నాడంటే, "మీ పెదనాన్న పరమ కోపిష్టి అబ్బయా, గోతాం కుట్టు సరిగ్గా లేదని నా మీదకి చిట్టా ఇసిరేసినోడు, కానీ మజ్జానం నేను అన్నానికి కూర్చోందే ఆయన క్యారేజీ ఇప్పేవాడు కాదు." ఇంట్లో కొంతమంది ఆ కోపం ముక్క తీసెయ్యమన్నారు, మేం తియ్యలేదు, అది తీసేస్తే క్యారేజీ మాటకి విలువేముంది. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, కానీ అడిగి చెయ్యండి.

పెద్దమ్మని వంటింట్లో వదిలేసి పుస్తకం వెయ్యబాకండి. మొదటి పెట్టుబడి యాడ నించి వచ్చిందని ఆమెనే అడగండి, చాలా ఇళ్ళల్లో అది ఆమె గొలుసే అయ్యుంటాది. రైతులు ధాన్యం తోలుకొచ్చి రాత్రి ఉండిపోతే వండి పెట్టింది కూడా ఆమే కదా.

ఒక జాగ్రత్త, ఇది గట్టిగా చెప్తున్నా. పుస్తకాల్లో ఎవరి బాకీ ఎంతో, ఏ ప్రోనోటు అట్టానే ఉండిపోయిందో అన్నీ బయటపడతాయి. మామూలుగా ప్రోనోటుకి మూడేళ్ళే గడువు, తర్వాత కోర్టుకి పోయినా నిలబడదు, కానీ పరువుకి గడువేం ఉండదు, ఆ పిల్లలు ఇదే ఊళ్ళో ఉంటారు. సాయం తీసుకున్నోళ్ళ పేర్లు వాళ్ళు ఒప్పుకుంటేనే వెయ్యండి, లేకపోతే "ఒక కాటా కుర్రాడు" చాలు.

ఫోటోలు ఆల్బమ్‌కి అతుక్కుపోయుంటే పీకబాకండి, కిటికీ పక్కన వెలుతురులో ఫ్లాష్ లేకుండా పైనించి తీస్తే సరిపోతాది. వదులుగా ఉన్నవి వెనక్కి తిప్పి చూడండి, స్టూడియో ముద్ర ఉంటాది, ఒక్కోసారి తారీఖు కూడా. స్కాన్ 300 డీపీఐకి (అంటే అంగుళానికి 300 చుక్కలు) తగ్గకూడదు, స్టాంపు సైజువైతే 600 పెట్టించండి.

డీటీపీ షాపుల్లో చాలావరకు ఇంకా అనూ అనే పాత రకం తెలుగు ఫాంట్లే, మనం ఫోన్‌లో టైపు చేసింది యూనికోడ్ అనే ఇంకో పద్ధతి, అది మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. అందుకని ప్రూఫు కాగితం మీద తీయించి ఇద్దరు వేరేవేరేగా చదవండి, ముఖ్యంగా ఇంటిపేర్లు, ఒక్క చుట్టం పేరు తప్పు పడినా పదేళ్ళు అంటారు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించేట్టు ఉండాలి, 32 పేజీలు దండిగా సరిపోతాయి. ప్రెస్‌కి తిథికి నెల ముందే ఇచ్చెయ్యండి, పెళ్ళి ముహూర్తాలు మొదలైతే శుభలేఖలు పడిపోయి మన పని ఎనకాలకి పోతాది.