సర్వే శాతాల లెక్క తేడాగా వస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

సాఫ్ట్‌వేర్ ఎర్రర్ చూపిస్తే నయమే, ఏదో తప్పు జరిగిందని తెలుస్తుంది. కిక్కురుమనకుండా తప్పు జవాబు ఇచ్చినప్పుడే అసలు చిక్కు. ఔను-కాదు జవాబుల డేటాలో ఎక్కువగా జరిగేది ఇదే. నేను చూసినంతలో లోపం ఫార్ములాలో తక్కువ. టేబుల్‌లో ఒక్కో అంకె ఎవరిని లెక్కపెడుతోందో చూసుకోకపోవడంలోనే ఎక్కువ.

సమస్య: శాంపిల్ చిన్నదే, అయినా పీ-విలువ నమ్మలేనంత చిన్నగా వచ్చింది

పీ-విలువ అంటే నిజంగా తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం. ముందుగా అనుమానించాల్సింది ఒకటే: గ్రూపుల జవాబుల్లో తేడా యాదృచ్ఛికమేనా అని చూసే కై-స్క్వేర్ పరీక్షకు మనుషుల సంఖ్య బదులు శాతాలు ఇచ్చి ఉంటారు.

రెండు గ్రూపులు, ఒక్కోదాంట్లో 20 మంది అనుకోండి. మొదటి గ్రూపులో 12 మంది, రెండోదాంట్లో 8 మంది ఔనన్నారు. గ్రూపుకీ జవాబుకీ సంబంధమే లేకపోతే నాలుగు గడుల్లోనూ పదేసి మంది ఉండాలి. ప్రతి గడిలో తేడా 2. దాని వర్గం 4ని 10తో భాగిస్తే 0.4, నాలుగు గడులకూ కలిపి 1.6. పీ-విలువ సుమారు 0.21, అంటే తేడా ఉందని చెప్పడానికి ఆధారం చాలదు. అదే టేబుల్‌లో 60, 40, 40, 60 అని శాతాలు పెట్టి చూడండి. 1.6 కాస్తా 8 అవుతుంది, పీ-విలువ 0.005కి పడిపోతుంది. మనకు తెలియకుండానే 40 మందిని 200 మందిని చేసేశాం!

పరిష్కారం: శాతాలను మళ్లీ మనుషుల సంఖ్యలోకి మార్చండి. గడులన్నీ కూడితే శాంపిల్ సైజు రావాలి, రాకపోతే అక్కడే ఆగండి. 'వర్తించేవన్నీ టిక్ చేయండి' తరహా ప్రశ్నల్లో ఒకే మనిషి రెండు మూడు గడుల్లో పడతాడు కాబట్టి ఈ కూడిక తరచూ ఎక్కువే వస్తుంది. అలాంటప్పుడు ఒక్కో ఆప్షన్‌ను విడిగా ఔను-కాదు ప్రశ్నగా చూడాలి.

సంబంధమే లేదనుకుంటే గడుల్లో ఉండాల్సిన సంఖ్య 5 కన్నా తక్కువగా ఉంటే, కై-స్క్వేర్ బదులు చిన్న సంఖ్యలకు పనికొచ్చే ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్ష వాడండి.

సమస్య: మార్పు కళ్లకు కనిపిస్తోంది, పరీక్ష మాత్రం లేదంటోంది

శిక్షణకు ముందు 200 మందిలో 100 మంది ఔనన్నారు, తర్వాత 116 మంది. మామూలు కై-స్క్వేర్ చేస్తే పీ-విలువ 0.11 వస్తుంది. కానీ రెండుసార్లూ అడిగింది ఆ 200 మందినే. పరీక్ష మాత్రం వాళ్లను 400 మంది వేర్వేరు మనుషులనుకుంది.

ఇక్కడ 1947 నాటి మెక్‌నెమార్ పరీక్ష కావాలి. అది మాట మార్చినవాళ్లనే చూస్తుంది. కాదు నుంచి ఔనుకు 26 మంది, ఔను నుంచి కాదుకు 10 మంది మారారనుకుందాం. తేడా 16, దాని వర్గం 256ను 36తో భాగిస్తే 7.1. పీ-విలువ 0.008. అందుకే ఫారాల మీద ఐడీ నంబర్ తప్పనిసరిగా రాయించండి. ఎవరు మారారో తెలియకపోతే ఈ పరీక్ష చేయలేం. ఇంత కష్టపడి సేకరించిన డేటా అలా వృథా కావడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

సమస్య: కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సున్నా కిందికి పోయింది

అసలు శాతం ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పేదే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. 20 మందిలో ఒక్కరే ఔనంటే పాఠ్యపుస్తకాల్లోని మామూలు ఫార్ములా మైనస్ 4.6 నుంచి 14.6 శాతం అంటుంది. శాతం మైనస్ కాలేదు కదా. గణాంకవేత్త విల్సన్ 1927లో ఇచ్చిన పద్ధతి వాడితే 0.9 నుంచి 23.6 శాతం వస్తుంది. ఒక్కరూ ఔననకపోతే మామూలు ఫార్ములా 'సున్నా, అనుమానమే లేదు' అనేస్తుంది. అది ఇంకా ప్రమాదం.

సమస్య: వెయ్యి మందిని అడిగాం, అయినా రెండో సర్వేలో ఫలితం బాగా మారిపోయింది

50 బడులు ఎంచుకుని ఒక్కోదాంట్లో 20 మందిని అడిగితే, ఒకే బడి పిల్లల జవాబులు కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలిక (0 అంటే అస్సలు లేదు, 1 అంటే బడిలో అందరిదీ ఒకే జవాబు) 0.05 మాత్రమే ఉన్నా వేరియన్స్, అంటే అంచనాలోని ఊగిసలాట, 1 + (20 − 1) × 0.05, అంటే 1.95 రెట్లు అవుతుంది. మీ వెయ్యి మంది దాదాపు 513 మందితో సమానం. సాఫ్ట్‌వేర్‌కు క్లస్టర్ (జవాబులు కలిసి వచ్చిన గుంపు, ఇక్కడ బడి) ఏదో చెప్పి తీరాలి.

సమస్య: మొత్తంలో కనిపించిన తేడా, విడగొడితే మాయమైంది

1973లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం గ్రాడ్యుయేట్ ప్రవేశాల్లో దరఖాస్తు చేసిన మగవాళ్లలో 44 శాతం మందికి, ఆడవాళ్లలో 35 శాతం మందికి సీట్లు వచ్చాయి. డిపార్ట్‌మెంట్ల వారీగా చూస్తే ఆడవాళ్ల పట్ల అలాంటి వివక్ష కనబడలేదు. వాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేసింది సీటు దొరకడం కష్టమైన విభాగాలకు. మీ టేబుల్‌ను కూడా ఇలా విడగొట్టి చూడండి. అయితే ఏ అంశంతో విడగొట్టాలో డేటా చూడకముందే రాసి పెట్టుకోండి.