ఇల్లు అమ్మబోతే ఈత కొలను గేటు దగ్గర ఆగింది

మేం ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు పూల్ సేఫ్టీ సర్టిఫికెట్ (ఈత కొలను చుట్టూ ఉన్న కంచె, గేటు భద్రంగా ఉన్నాయని ఇచ్చే పత్రం) కోసం ఇన్‌స్పెక్టర్‌ని పిలిచాం. ఆయన సర్టిఫికెట్‌కి బదులు లోపాల నోటీసు చేతిలో పెట్టారు. ఇక్కడ క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో సర్టిఫికెట్ లేకుండానూ అమ్మొచ్చు, కానీ కొన్నవాళ్లు 90 రోజుల్లో తెచ్చుకోవాలి. ఆ భారం వాళ్ల మీద వేయడం నాకు ఇష్టం లేదు. వాళ్లకీ చిన్నపిల్లలు ఉండొచ్చు కదా.

అసలు సమస్య గేటు. బార్లా తీసి వదిలితే మూసుకునేది, జానెడు తీసి వదిలితే గడియ పడేది కాదు. ఎంత తెరిచి వదిలినా దానంతట అదే మూసుకుని గడియ పడాలన్నది నియమం. స్ప్రింగ్ కీలు బిగించి చూశాను, లాభం లేకపోయింది. లెవెల్ పెట్టి చూస్తే స్తంభం ఒరిగింది! దాన్ని నిటారుగా చేసి మళ్లీ కాంక్రీటు పోయించి, రెండు కీళ్లూ కొత్తవి వేశాం. ఆ తర్వాత రకరకాల దూరాల్లో తెరిచి ఇరవైసార్లు వదిలి చూశాను.

కంచెకి బయట ఆనుకుని మా కరివేపాకు కుండీ ఉండేది. పిల్లలు దానిమీద ఎక్కి దూకేయగలరు. ఏళ్ల తరబడి రోజూ చూస్తూ కూడా నాకు తట్టలేదు, ఇప్పటికీ తలచుకుంటే భయమేస్తుంది. కంచె నుంచి 900 మిల్లీమీటర్ల లోపు అలాంటివి ఉండకూడదట. దూరంగా జరిపాం. వానకి మట్టి కొట్టుకుపోయి కంచె కింద సందు 100 మిల్లీమీటర్లు దాటిన చోట సిమెంటు వేశాం. ఊపిరి ఆగినవాళ్లకి చేసే సీపీఆర్ పద్ధతి చూపించే బోర్డు వెలిసిపోతే అదీ మార్చాం.

లోపాల నోటీసు తర్వాత మళ్లీ తనిఖీకి ఉండే మూడు నెలల గడువులోపే అదే ఇన్‌స్పెక్టర్‌ని మళ్లీ పిలిస్తే ఈసారి సర్టిఫికెట్ ఇచ్చారు. అది రెండేళ్లు చెల్లుతుంది. మీరు అమ్మాలనుకుంటే ముందు గేటును జానెడే తెరిచి వదిలి చూడండి.