ఒకే రాష్ట్రంలోని నగరాల మధ్య ఇంటి భారాన్ని పోల్చి చూసే పద్ధతి

ఇళ్ల ధరలను పక్కపక్కన పెట్టి, తక్కువ ఉన్న నగరమే చవకని తేల్చేయడం చాలామంది చేసే పొరపాటు. ధర తక్కువైనా జీతాలు అంతకంటే తక్కువైతే ఆ ఇల్లు అక్కడివారికి అందదు. ఒకే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ రుసుములు, గృహరుణాల వడ్డీ దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, నగరాల మధ్య అసలు తేడా భూమి ధర, ఆదాయం, ప్రయాణదూరం దగ్గరే తేలుతుంది.

ముందుగా ప్రతి నగరానికీ ఒకే సంవత్సరపు ఇళ్ల మధ్యస్థ ధరను, కుటుంబాల మధ్యస్థ వార్షికాదాయాన్ని సేకరించాలి. విలువలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చితే సరిగ్గా నడుమ వచ్చేదే మధ్యస్థం. సగటును నేను నమ్మను. కొద్దిపాటి విలాసభవనాలు అమ్ముడుపోయినా అది పైకి ఎగబాకుతుంది. ధరలను ఒక నగరానికి ప్రకటనల నుంచి, మరొకదానికి రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి తీసుకుంటే పోలిక మొత్తం చెడుతుంది. ఇంటి విస్తీర్ణాన్ని కొలిచే పద్ధతి కూడా అన్ని చోట్లా ఒకటే కావాలి.

తర్వాత ధరను ఆదాయంతో భాగించాలి. మొదటి నగరంలో ఇల్లు 40 లక్షలు, వార్షికాదాయం 8 లక్షలు అనుకుంటే నిష్పత్తి 5. రెండోదానిలో ఇల్లు 30 లక్షలు, ఆదాయం 5 లక్షలు అయితే నిష్పత్తి 6. ధర తక్కువున్న రెండో నగరమే బరువైనదని ఇక్కడే తెలిసిపోతుంది. అంతర్జాతీయ నివేదికల్లో 3 లోపు నిష్పత్తిని అందుబాటుగా, 5 దాటినదాన్ని తీవ్రభారంగా లెక్కించడం పరిపాటి.

అయితే అప్పు చేసి కొనేవారికి నెలవారీ వాయిదాయే అసలు భారం. 8 శాతం వడ్డీపై 20 ఏళ్లకు తీసుకున్న ప్రతి లక్షకూ నెలకు సుమారు 836 కట్టాలి. వడ్డీ 9 శాతమైతే 900. ధరలో ఐదోవంతు చేతి డబ్బు పెట్టి, మిగతాది 8 శాతానికి అప్పు తెచ్చారనుకుంటే, పై ఉదాహరణలో మొదటి నగరవాసి ఆదాయంలో సుమారు 40 శాతం, రెండోవారి ఆదాయంలో 48 శాతం వాయిదాకే పోతుంది.

ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదని తరచూ చెప్పే కొలత ప్రకృతినియమం కాదు. అమెరికా ప్రభుత్వ గృహాల అద్దెకు 1969లో 25 శాతంగా ఉన్న పరిమితిని 1981లో 30కి పెంచారు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి 30 శాతం పోగా మిగిలేది తిండికీ చదువుకీ చాలకపోవచ్చు కాబట్టి, శాతంతోపాటు చేతిలో మిగిలే మొత్తాన్నీ రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అద్దెలను పోల్చేటప్పుడు నగరంలోని అందరి ఆదాయాన్నీ కాక, వీలైతే అద్దెకుండేవారి ఆదాయాన్ని తీసుకోవాలి. అది సాధారణంగా తక్కువగా ఉంటుంది. బదిలీపై వెళ్లే ఉద్యోగి మాత్రం జీతం మారదు గనుక, తన జీతంతోనే అన్ని నగరాల అద్దెలనూ భాగించుకోవచ్చు.

చివరగా ప్రయాణం. శివార్లలో ఇల్లు చవకగా దొరికినా రోజూ రెండు గంటలు, ఇంధనం ఖర్చవుతుంటే ఆ మిగులు దారిలోనే కరిగిపోతుంది. షికాగోలోని ఒక పరిశోధనాసంస్థ ఇల్లు, రవాణా కలిపి ఆదాయంలో 45 శాతాన్ని హద్దుగా పెట్టింది. ఈ లెక్క వేసేటప్పుడు ఒక నగరానికి శివార్లను కలిపి, మరొకదానికి పురపాలక హద్దు దగ్గరే ఆగిపోకుండా, అన్నిటికీ ఒకే రకం సరిహద్దు గీసుకోవాలి.