సర్వర్ పలకనప్పుడు సీరియల్ పోర్ట్ – మూడో పాఠం: కేబుల్, స్పీడ్, మొదటి లైను

పోయిన పాఠంలో నెట్‌వర్క్ వైపు చూడాల్సినవన్నీ చూశాం. లింక్ లైటు, ఐపీ అడ్రస్, పింగ్ అన్నీ అయ్యాక కూడా సర్వర్ పలకలేదంటే ఏం చేయాలన్నది ఈ పాఠం.

హనుమకొండలో ఒక వీడియో స్టూడియో అనుకుందాం. నాలుగు డిస్కుల స్టోరేజ్ సర్వర్, దాని నిండా పెళ్లిళ్ల ఫుటేజ్, మేడారం జాతర షూటింగ్. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోతూ వస్తూ ఉంది, యూపీఎస్ బ్యాటరీ వీక్. ఇప్పుడు ఫ్యాన్ తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, షేర్ ఫోల్డర్ మాత్రం ఏ కంప్యూటర్‌లోనూ కనిపించడం లేదు. ఓనర్ టెన్షన్‌తో "అన్నా, డిస్కులు పీకి వేరేదాంట్ల పెడ్దామా?" అంటాడు. వద్దనండి. డిస్కుల జోలికి పోయేముందు సర్వర్ లోపల ఏం జరుగుతోందో తెలియాలి. అది చెప్పేది సీరియల్ పోర్టే, అంటే సర్వర్ రాసే లైన్లను ఒక కేబుల్ మీదుగా మన ల్యాప్‌టాప్‌కు చేర్చి, మనం కొట్టింది దానికి పంపే పాత రకం పోర్ట్.

నెట్‌వర్క్ పనిచేయాలంటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లేవాలి, డ్రైవర్ ఎక్కాలి, ఐపీ రావాలి. సీరియల్‌కు ఇవేమీ అక్కర్లేదు. బూట్‌లోడర్ (కెర్నల్‌ను లేపే చిన్న ప్రోగ్రాం) తన పని మొదలుపెట్టగానే చేసేవాటిలో ఈ పోర్టును తెరవడం ఒకటి. అందుకే డిస్కులు మౌంట్ కాకుండా (వాడకానికి తెరుచుకోకుండా) మధ్యలో ఆగిన సర్వర్ కూడా ఎక్కడ ఆగిందో ఇక్కడ రాసి పెడుతుంది.

ముందు పోర్ట్ ఏదో గుర్తుపట్టాలి. పెద్ద సర్వర్ల వెనక తొమ్మిది పిన్నుల డీబీ9 ఉంటుంది. 1960లో వచ్చిన ఆర్ఎస్-232 అనే సీరియల్ సిగ్నల్ పద్ధతి ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. కంప్యూటర్ వైపు పోర్టులో 2వ పిన్ను వినడానికి, 3వది చెప్పడానికి, 5వది గ్రౌండ్. రెండు వైపులా ఇదే అమరిక ఉంటే 2, 3 అడ్డం మార్చిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి. కొన్నింటికి ల్యాన్ సాకెట్ లాంటి ఆర్‌జే45 కన్సోల్ పోర్ట్ (సర్వర్‌తో నేరుగా మాట్లాడే పోర్ట్) ఉంటుంది. దాన్ని స్విచ్‌కు కలిపితే ఏమీ రాదు, దాని కన్సోల్ కేబుల్ వేరు. పైగా ఆ ఎనిమిది తీగల వరుస కంపెనీకో రకం. కొత్తవాటిలో మైక్రో యూఎస్‌బీ కన్సోల్ కూడా కనిపిస్తుంది. ఇంకో మాట, వెనక డీబీ9 ఉన్నంత మాత్రాన అది కన్సోల్ అని నమ్మకండి. కొన్నింటిలో అది యూపీఎస్ సిగ్నల్ కోసం పెట్టింది. మాన్యువల్ తెరిచి చూడడం నామోషీ కాదు.

చిన్న నాస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే స్టోరేజ్) బాక్సులతోనే అసలు చిక్కు. వీటిలో బయటికి పోర్ట్ ఉండదు, మదర్‌బోర్డు మీద నాలుగు పిన్నులు ఉంటాయి. అవి సాధారణంగా 3.3 వోల్టుల టీటీఎల్ (చిప్‌లు వాడే తక్కువ వోల్టేజీ) సిగ్నల్ ఇస్తాయి. ఆర్ఎస్-232లో సిగ్నల్ మైనస్ 15 నుంచి ప్లస్ 15 వోల్టుల దాకా పోవచ్చు. డీబీ9 అడాప్టర్ తెచ్చి నేరుగా ఆ పిన్నులకు తగిలిస్తే చిప్ కాలిపోవచ్చు, అప్పుడు ఉన్న సమస్యకు ఇంకోటి తోడు. 3.3 వోల్టుల టీటీఎల్ అడాప్టరే వాడండి. గ్రౌండ్‌కు గ్రౌండ్, ఒకదాని టీఎక్స్‌కు (పంపేది) రెండోదాని ఆర్‌ఎక్స్ (అందుకునేది). మూడే తీగలు. నాలుగోది పవర్ పిన్ను, దాన్ని ముట్టుకోవద్దు. బోర్డుకు కరెంటు దాని సొంత అడాప్టర్ నుంచి వస్తోంది.

ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ పెట్టాక విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి కామ్ నంబర్ చూసుకోండి. లినక్స్‌లో అయితే సాధారణంగా టీటీవై యూఎస్‌బీ0 అని వస్తుంది. ఉబుంటులో పర్మిషన్ లేదంటే మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చాలి. సర్వర్‌కు కలపక ముందే అడాప్టర్‌ను పరీక్షించండి. డీబీ9 అయితే 2, 3 పిన్నులను, టీటీఎల్ అయితే టీఎక్స్, ఆర్‌ఎక్స్‌లను ఒక చిన్న తీగతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రాంలో (కింద చెప్పే పుట్టీ లాంటిది) ఏదైనా కొట్టండి. కొట్టిన అక్షరం తిరిగి తెరమీద కనిపిస్తే అడాప్టర్, డ్రైవర్ రెండూ బాగున్నట్టే. ఈ ఒక్క నిమిషం పని దాటవేసి గంటల తరబడి సర్వర్‌ను అనుమానించేవాళ్లు చాలామంది.

పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో సీరియల్ ఎంచుకుని సెట్టింగులు ఇలా పెట్టండి: డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ (పంపడం ఆపు, మొదలుపెట్టు అనే సైగలు) నన్. పుట్టీ ఫ్లో కంట్రోల్‌ను దానంతటదే ఎక్సాన్-ఎక్సాఫ్‌గా ఉంచుతుంది, మార్చడం మరవకండి. స్పీడ్ (సెకనుకు బిట్లు) కొత్త పెట్టెల్లో ఎక్కువగా 115200, పాతవాటిలో 9600. ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు పోతాయి కాబట్టి 9600లో సెకనుకు 960 అక్షరాలు, 115200లో 11520. మీ స్పీడ్, సర్వర్ స్పీడ్ కలవకపోతే పిచ్చి గుర్తులు వస్తాయి. వస్తే సంతోషించండి, తీగలు సరిగ్గానే ఉన్నాయి, స్పీడ్ మార్చి చూడడమే మిగిలింది. 38400, 57600, 19200 కూడా వాడుకలో ఉన్నవే.

ఓపెన్ నొక్కే ముందు లాగింగ్‌లోకి వెళ్లి మొత్తం సెషన్ ఫైలులోకి పోయేలా పెట్టండి. బూట్ లైన్లు కళ్ల ముందు జర్రున పోతాయి, అసలు కావలసిన లైను ఎప్పుడూ పైకి జారిపోయినదే అవుతుంది.

సర్వర్ ఆన్‌లోనే ఉంటే వెంటనే రీస్టార్ట్ చేయొద్దు. లోపల రెయిడ్ (డిస్కులను ఒకటిగా కలిపే ఏర్పాటు) రీబిల్డ్, అంటే డేటాను తిరిగి కూర్చుకునే పని, నడుస్తూ ఉండొచ్చు. కేబుల్ కలిపి ఒక్కసారి ఎంటర్ కొట్టి ఆగండి. లాగిన్ అడిగితే సిస్టమ్ బతికే ఉంది, తప్పు నెట్‌వర్క్‌లోనో షేరింగ్ సర్వీసులోనో ఉంది. సగం సమస్య తీరినట్టే. ఏమీ రాకపోతే టీఎక్స్, ఆర్‌ఎక్స్ తారుమారై ఉంటాయి, లేదా పోర్ట్ వేరేది. తెరమీద అన్నీ కనిపిస్తూ మీరు కొట్టింది మాత్రం పోకపోతే ఫ్లో కంట్రోల్ చూడండి, ఆ తర్వాత మీ టీఎక్స్ తీగ. ఇవన్నీ సరిచూశాకే, డిస్కు లైట్లు కాసేపు గమనించి పవర్ సంగతి ఆలోచించాలి. రీస్టార్ట్ చేసినా టెర్మినల్ ముందే తెరిచి ఉండాలి, చేతులు కీబోర్డు మీద ఉండకూడదు. యూ-బూట్ అనే బూట్‌లోడర్ వాడే బాక్సుల్లో కౌంట్‌డౌన్ నడిచేటప్పుడు ఒక్క కీ తగిలినా బూట్ అక్కడే ఆగిపోవచ్చు.

మన స్టూడియో సర్వర్ లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌ది అయితే, "నాట్ ఎనఫ్ టు స్టార్ట్ ది అరే" (రెయిడ్ మొదలుపెట్టడానికి సరిపడా డిస్కులు లేవు) అని చెప్పి ఇనిట్ర్యామ్ఎఫ్ఎస్ (అసలు సిస్టమ్ లేవకముందు నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్) ప్రాంప్ట్ దగ్గర ఆగవచ్చు. దాని పైన ఏటీఏ నంబరుతో (డిస్కు కలిపిన పోర్టు నంబరు) ఐ/ఓ ఎర్రర్ (చదవడంలో, రాయడంలో తప్పు) లైన్లు ఉన్నాయేమో చూడండి. అనుమానించాల్సిన డిస్కు ఏదో తేలేది అక్కడి నుంచే. ఇంటర్నెట్‌లో దొరికిన ఎండీఎడీఎం (లినక్స్ రెయిడ్ టూల్) క్రియేట్ కమాండ్ మాత్రం ఇక్కడ కొట్టకండి. అది డిస్కుల మీదున్న పాత రెయిడ్ వివరాలను చెరిపి కొత్తవి రాస్తుంది. ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను సరిచూసే ప్రోగ్రాం) "ఫిక్స్ చేయనా" అని అడిగినా వై కొట్టకుండా ఆగండి. డిస్కు ఏ స్థితిలో ఉందో తెలియకుండా రిపేర్‌కు ఒప్పుకుంటే ఫుటేజ్ మీదే రాత పడుతుంది.

నాలుగో పాఠంలో ఆ లాగ్ ఫైలును లైను లైనుగా చదువుతాం. ఆలోగా, బాగా పనిచేస్తున్న ఏదైనా పాత రౌటర్‌నో నాస్‌నో తీసుకుని, దాని కన్సోల్ వోల్టేజీ మాన్యువల్‌లో నిర్ధారించుకుని, ఒక పూర్తి బూట్ లాగ్ దాచి ఉంచండి. బాగున్న సిస్టమ్ ఏ వరుసలో లేస్తుందో మీకు అలవాటైతే, పాడైనదాంట్లో ఏ లైను రాలేదో పట్టుకోవచ్చు.