చిక్కుడాకు కింద గుడ్లు, మామిడి కొమ్మకు చీమల గూడు: ఫొటో ఎలా తీయాలి?

బెంగళూరులో పురుగుల ఫొటోలు తీయడానికి అడవికి వెళ్లక్కర్లేదు. మా మేడ మీద చిక్కుడు పాదు ఉంది. అనంతపురం నుంచి వచ్చిన అమ్మ ఒక ఆకు తిప్పి చూసి, "పేనుబంక పట్టిందిరా, వేపనూనె కొట్టాలి" అంది. ఆ పేనుబంక పక్కనే వెంట్రుకంత సన్నని కాడలు నిలబడి ఉన్నాయి. ఒక్కో కాడ చివర ఒక్కో గుడ్డు, పొడవు మిల్లీమీటరుకు అటూఇటూ. అవి అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) గుడ్లు. వాటి పిల్లలు పేనుబంకను తింటాయి. గుడ్లు చీమలకు అందకుండా ఉండేందుకు ఆ కాడలు. "నాలుగు రోజులు ఆగమ్మా" అని వేపనూనె పక్కన పెట్టించాను.

మొదలుపెట్టడానికి ఇలాంటి గుడ్లే మంచివి, ఎగిరిపోవు కదా.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే వెళ్లండి. పురుగుల ఒంటికి మనలాగా నిలకడైన వేడి ఉండదు కాబట్టి డిసెంబరు, జనవరి చలిలో ఎండ తగిలేదాకా మెల్లగా కదులుతాయి. గాలి కూడా అప్పుడే తక్కువ.

ఫోన్ ఉంటే క్లిప్ మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే లెన్స్) చాలు. కెమెరా ఉంటే మాక్రో లెన్స్, లేదా పాత 50 ఎంఎం లెన్స్‌ను రివర్స్ రింగుతో తిప్పి బిగించుకోవచ్చు. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య, షట్టర్ 1/200 సెకను, ఫ్లాష్ ముందు తెల్లటి ట్రేసింగ్ కాగితం. కాగితం లేకపోతే అక్షింతల పురుగు వీపు మీద తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ కనిపించదు.

అసలు కష్టం ఫోకస్‌ది. పురుగు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళితే, స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ, అంతే. నేను తీసిన మొదటి ఫొటోల్లో కాడలు స్పష్టంగా వచ్చాయి, గుడ్లు మసకబారాయి. ఆటోఫోకస్ ఆపేయండి. ఫోకస్ రింగు తిప్పకుండా, మోచేతులు ఒంటికి ఆనించి, మీరే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊగుతూ వరుసగా పది ఫొటోలు తీయండి. కాడలన్నీ లెన్స్‌కు సమాన దూరంలో ఉండేలా పక్క నుంచి తీస్తే, ఆ ఒక్క మిల్లీమీటరులోనే అన్నీ ఇముడుతాయి.

చేయి కుదిరాక మామిడి చెట్టు మీద ఎర్ర చీమల ఆకు గూడు చూడండి. పని చీమలు ఆకు అంచులను లాగి పట్టుకుంటే, మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరుచుకుని, మగ్గం మీద నాడెలా ఇటూ అటూ ఆడిస్తాయి. పట్టు ఆ పిల్లల నోటి నుంచే వస్తుంది. కాబట్టి గూడంతా ఒక్క ఫ్రేములో పెట్టాలని చూడకుండా, తెల్లటి పట్టు అతుకు మీదే దృష్టి పెట్టండి. గూడు కింద మాత్రం నిలబడకండి. కరిస్తే మంట బాగా ఉంటుంది. అవి పొట్ట పైకెత్తి దవడలు తెరిస్తే వెనక్కి వచ్చేయండి.

పురుగు కదలకుండా ఉండాలని కొందరు ఫ్రిజ్‌లో పెడతారు, ఆకు తెంపి ఇంటికి తెస్తారు. దయచేసి అలా చేయకండి. ఆకు తెంపితే ఆ పిల్లలకు తిండి ఉండదు.

గుడ్లను రోజూ ఒకే వైపు నుంచి తీయండి. కొద్ది రోజుల్లో గుడ్డు రంగు ముదురుతుంది. ఆ మర్నాడు పొద్దున్న బ్యాటరీ నిండుగా పెట్టుకుని వెళ్లండి. పిల్ల కాడ వెంట దిగి, పేనుబంక వైపు నడుస్తుంది.