పాత నాణేల జిగురు వదిలించే ముందు

గత నెల మా పక్క ఊరిలో ఒక యువకుడు వసారాలో పళ్లెం నిండా ఎసిటోన్ అనే జిగురు కరిగించే ద్రవం పోసి నాణేలు నానబెట్టగా, దాని ఆవిరి పూజగదిలోని దీపం వరకు పాకి భగ్గుమంది. ఆ ద్రవం సుమారు మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా అంటుకోగలదు. ఆవిరి గాలి కంటే బరువు కనుక నేలబారున సాగుతుంది. తొలకరికి ముందు కోనసీమలో నాణేలు దాచుకున్న వారంతా ఆల్బమ్‌లు తెరిచి, ఉక్కకు పీవీసీ కవర్లు వదిలిన పచ్చని జిగురును చూసి కంగారుపడే రోజులివి కనుక, నేను చూసిన నష్టాలను చెప్పవలసి వస్తోంది.

ఆ యువకుడి కాలిన చేయి మానుతోంది. తోమిన నాణెం మాత్రం మానదు. నా భయమంతా దాని గురించే. ఎసిటోన్ పీవీసీ జిగురును, నూనెను, టేపు గమ్మును కరిగిస్తుంది గాని, లోహం నుంచే పుట్టిన చిలుమును ముట్టదు. ఆ తేడా తెలియక, ఇంకా పచ్చగానే ఉందని విసిగి, ఇత్తడి చెంబును తోమినట్టే చింతపండుతో తోమేస్తారు. శాతవాహనుల సీసపు నాణెం ఒకదాని మీద ఏనుగు బొమ్మను తొండంతో సహా చూశాను. మరుసటి వారం అదే నాణెం నున్నని బిళ్ళగా నా చేతికి వచ్చింది. సీసాన్ని పులుపు తినేస్తుంది. రాగి మీద శతాబ్దాలుగా కట్టిన పొర పోతే, దానితోపాటే అక్షరాల అంచులూ పోతాయి. తోమవద్దు. మెత్తని గుడ్డతోనైనా తోమవద్దు.

గాజు గిన్నె వాడాలి, ఎందుకంటే కొన్ని ప్లాస్టిక్కులు ఎసిటోన్‌లో కరిగి నాణేనికే అంటుకుంటాయి. గోళ్ల రంగు చెరిపే ద్రవం పనికిరాదు. అందులో నూనె, సువాసన కలుపుతారు. జిగురు వదలకపోతే ద్రవం మార్చి మళ్ళీ నానబెట్టాలి గాని తోమకూడదు. చివరిసారి తాజా ఎసిటోన్‌తోనే కడగాలి, లేకుంటే కరిగిన జిగురు పలుచని పొరగా తిరిగి ఆరుతుంది. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు. ద్రవం ఆవిరవుతూ నాణేన్ని చల్లబరిస్తే గాలిలోని తేమ దానిపై చేరుతుంది. రాజరాజనరేంద్రుని బంగారు నాణేల వంటి పలుచని రేకులను వేళ్ళతో వంచి చూడవద్దు. లేతపచ్చ పొడి రాలే రాగి నాణేన్ని వేరుచేసి, పొడిగా ఉంచి, సంరక్షణ తెలిసినవారికి చూపాలి. ఆ జబ్బు ఎసిటోన్‌తో తగ్గదు. సీసం మీది తెల్లపొడిని ఊదవద్దు, అది విషం. సీసపు నాణేలను చెక్కపెట్టెలో దాచవద్దు. ఎసిటోన్ ఆవిరి అంటుకోకుండా, పని ముగిసేదాకా స్విచ్చి వేయవద్దు. వాడిన ద్రవాన్ని పంటకాలువలో పోయవద్దు. నాణేలను పాత కవర్లలోకే తిరిగి చేర్చవద్దు. పొలంలోనో లంకలోనో తవ్వుతుండగా దొరికిన నాణేలైతే అసలు శుభ్రమే చేయవద్దు. పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. వాటిని అంటిన మట్టితోనే అప్పగించాలి, తోమి కాదు.